ఏడో వంతెన మీద కుదురులేనమ్మ

మొగపట్నం నగరానికి తూర్పున, ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర, ఒడ్డు నుంచి నీళ్ళలోకి రెండు వందల బారల దూరం సాగిన కర్రల వంతెన కొసన శ్రీ కుదురులేనమ్మ తల్లి వెలసి ఉన్నది. రెండు వందల బారలు లేదు, నూట పదే ఉందని కొలిచినవారు కొందరు అంటారు. వారు ఎండకు తట్టుకోలేక సగంలో వెనక్కి తిరిగి ఉంటారు. రైలు స్టేషనులో దిగి ఏడో వంతెన ఎక్కడని ఎవరిని అడిగినా దారి చెబుతారు, అడగకపోయినా చెబుతారు. నిద్రలేని కళ్ళు కనిపిస్తే చాలు, ఆటోవాళ్ళు బేరం లేకుండా బండి ముందుకు తెచ్చి ఆపుతారు.

ఈ తీరాన ఒకప్పుడు ఏడు వంతెనలు ఉండేవి. బియ్యానికి ఒకటి, ఉప్పుకు ఒకటి, నువ్వులకూ నీలిమందుకూ చెరొకటి, మిగిలినవి ఏది ముందు వస్తే దానికి. ఆ రోజుల్లో ఇక్కడ ఎన్ని ఓడలు ఆగేవంటే, తెరచాపల నీడ పడి పట్నంలో మధ్యాహ్నం వడియాలు ఎండేవి కావు. ఇప్పుడు ఆరు వంతెనలు లేవు. పాటు వేళ నీరు దిగినప్పుడు వాటి మొండి గుంజలు నల్లగా బయటపడతాయి, వాటి మీద నీటికాకులు రెక్కలు ఆరబెట్టుకుంటాయి. ఏడోది మాత్రం నిలిచి ఉంది, మీరు దాని మీద నడవవచ్చు. అది ఎందుకు నిలిచిందో చెప్పడమే ఈ చిన్న పుస్తకం పని.

అమ్మవారికి విగ్రహం లేదు. వంతెన కొసన పలకల మధ్య నుంచి మనిషి ఎత్తున పైకి లేచిన గుంజే అమ్మవారు. పసుపు పూసి, బొట్టు పెట్టి, వెండి కళ్ళు అతికించారు. కళ్ళు చేసిన కంసాలి మొదట వాటిని సముద్రం వైపు పెట్టాడు. మర్నాటికి అవి కొండల వైపు తిరిగి ఉన్నాయి. మళ్ళీ సముద్రం వైపు పెట్టాడు, మళ్ళీ తిరిగాయి. పదహారు సార్లు అయ్యాక విసుగెత్తి ఒక కన్ను అటూ ఒక కన్ను ఇటూ అతికించి ఇంటికి పోయాడు. ఆ ఏర్పాటు అమ్మవారికి నచ్చినట్టే ఉంది. దర్శనానికి వచ్చినవారు ఇరుపక్కలా నిలిచి రెండు కళ్ళనూ చూడాలి.

అంతకు పూర్వం ఇక్కడ ఆరు వంతెనలే ఉండేవి. రాజావారి ఓడలకు అవి చాలక, ఒక్కొక్క ఓడ తన వంతు కోసం ఎంతో కాలం వేచి ఉండేది. ఓడలో పిల్లి ఈని, ఆ పిల్లలు పెరిగి పెద్దవై, అవి కూడా ఈనేవరకు మోకు కట్టుకునే చోటు దొరికేది కాదు. అందుచేత రాజావారు ఏడో వంతెన కట్టమని సెలవిచ్చి, ఆ పని రేవు అమీను జగ్గప్ప పంతులుగారికి అప్పగించారు. పంతులుగారు చెడ్డవారు కారు, తొందర మనిషి. అరవై మూరల తెల్లని గుడ్డతో తలపాగా చుట్టేవారు. ఆయన వెనుక నడిచే నలుగురు బంట్రోతులకు వేరే గొడుగు అక్కరలేదు, ఆ పాగా నీడే సరిపోయేది.

గుంజలు పాతే పని రేవును ఆనుకుని ఉన్న తెడ్లపేట వారిది. పడవలు నడపడం, వలలు వేయడం, వంతెనలకు మానులు దించడం వారికి తాతల నాటి నుంచి వచ్చిన విద్యలు. వారి మేస్త్రీ పేరు సూరాడ దానయ్య. అతడికి గుర్రమ్మ అనే మేనత్త ఉండేది. చిన్నప్పుడు ఎత్తుకు పెంచి, పెద్దయ్యాక తన కూతుర్నిచ్చి అల్లుణ్ణి చేసుకుంది కాబట్టి రెండు విధాలా అత్తే. ఒంటి మీద ఎముకలు తప్ప ఏమీ లేని మనిషి. నోరు మాత్రం మూడు పేటలకు సరిపోయేది. ఆమె ఒడ్డున నిలబడి పేరు పెట్టి పిలిస్తే వేటకు పోయిన పడవలు సగం వల వదిలి వెనక్కి వచ్చేవి.

తెడ్లపేట వారి పని విధానం ఒకటి భక్తులు తెలుసుకోవాలి. పై కొండల్లో నరికిన గుగ్గిలం మానులు ఏటి మీద తేలుతూ రేవుకు వచ్చేవి. వాటిని చెట్టుగా నిలబడిన తీరున పాతకూడదు, తలకిందులు చేసి పాతాలి. కొస మట్టిలోకి, మొదలు ఆకాశానికి. అలా చేస్తే మాను తాను చెట్టునన్న సంగతి మరిచి నిద్రపోతుంది. నిద్రపోయిన మాను వందేళ్ళయినా కదలదు. అయితే బెరడు చెక్కేసిన మానుకు మొదలేదో కొసేదో చూస్తే తెలియదు. నీళ్ళలో వేస్తే తెలుస్తుంది. మొదలు బరువు గనుక కాస్త మునిగి తేలుతుంది. మునిగిన పక్క సున్నంతో బొట్టు పెట్టేవారు. ఏటి మీద వచ్చిన మానులు ఆ పరీక్ష దారిలోనే పూర్తి చేసుకుని వచ్చేవి.

ఆ ఏడు ఏరు ఎండిపోయింది. తక్కిన మానులన్నీ ముందే చేరాయి గానీ, అన్నిటికంటె లావైనది, వంతెన కొసన నిలబెట్టి ఓడ మోకు కట్టవలసిన తలగుంజ, ఇరవై నాలుగు జతల ఎద్దులు కట్టిన బండి మీద వచ్చింది. పంతులుగారు అప్పటికే నెత్తిన కూర్చున్నారు. బర్మాలోని రంగం నుంచి రాజావారి ఓడ బయల్దేరింది, కార్తీక పున్నమికి రేవులో ఉంటుందని కబురు వచ్చింది.

"దాన్ని ఓమారు నీళ్ళలో పడేసి సూడరా దానయ్యా" అన్నది గుర్రమ్మ.

"సూసేను అత్తా. ముక్కుతో సూసేను. ఈ పక్క మట్టివాసన కొడతంది. ఇదే మొదలు."

"మొన్న సేపల కూర మాడి మసయిపోతే పక్కన కూకుని పాటలు పాడుకున్నావు. ఆ ముక్కుకి మాను మొదలు తెలిసిందేటి."

"ముసలిదానితో మాటలేమిటయ్యా, ఎత్తండి" అన్నారు పంతులుగారు.

నలభై మంది మోకు పట్టి, మొద్దు ఎత్తి కొట్టి, సాయంత్రానికి తలగుంజ దించేశారు. తరువాత తెలిసినదేమంటే, ఆ మట్టివాసన చెట్టు మొదలుది కాదు, దారిలో బండి బోల్తాపడిన చోట అంటుకున్న బురదది. మొదలు కిందికీ కొస పైకీ పోయాయి. అడవిలో ఎలా నిలబడిందో ఆ మాను సముద్రంలోనూ అలాగే నిలబడింది.

మూడో రోజు దానికి మెలకువ వచ్చింది.

మొదట చిన్న చప్పుడు, ఎవరో వేళ్ళు విరుచుకున్నట్టు. ఆ తరువాత పలకలు ఎగరడం, కొయ్యమేకులు వాటంతట అవే ఊడి నీళ్ళలో పడడం. ఉదయం చూస్తే వంతెన కొస ఒక అడుగు కొండల వైపు జరిగి ఉండేది. మర్నాడు మరో అడుగు. దానికి కట్టిన పడవలు ఏటికి ఎదురుగా ముక్కులు తిప్పి లాగుతూ ఉండేవి. తలగుంజ నెత్తిన చిగుళ్ళు వేసింది. నాలుగు ఆకులని కొందరు అంటారు. నాలుగు వందలకు ఒక్కటి తక్కువ కాదని తెడ్లపేట వారు చెబుతారు, దగ్గర ఉన్నవారు వారే గనుక వారి మాటే నమ్మాలి.

ఆ కుదురులేనితనం వంతెన నుంచి పట్నానికి పాకింది. ఇళ్ళలో పాలు తోడుకోలేదు. ఉయ్యాలలు ఖాళీగా ఊగాయి. మంగలి సగం గడ్డం గీసేసరికి గీయించుకుంటున్నవాడు లేచి వీధిలోకి పోయేవాడు, మిగతా సగం కోసం మంగలి కత్తి పట్టుకుని వెంట నడిచేవాడు. బొల్లావారి ఇంట పెళ్ళిలో వధూవరులు పీటల మీద నిలవలేక తలంబ్రాలు పందిరి చుట్టూ తిరుగుతూ పోసుకున్నారు, పురోహితుడు మంత్రాలు పరిగెత్తుతూ చదివాడు. ఆ పదిరోజుల్లో పట్నంలో అరిగిపోయిన చెప్పులను ఒక్కచోట పోస్తే ఈ తీరానికి ఇంకొక కొండ ఏర్పడేది.

పంతులుగారు తెడ్లపేట పెద్దలందరినీ పిలిపించి రాజముద్ర వేసిన కాగితం చదివారు. పున్నమినాడు రాజావారి ఓడ వచ్చే వేళకు వంతెన కదలకుండా నిలబడి ఉండాలి. లేని పక్షంలో తెడ్లపేట నూట పాతిక గడపలూ ఖాళీ చేయించి ఆ చోట ఉప్పుమడులు వేయిస్తారు. నిలబడితే, అది నిలిచి ఉన్నంతకాలం పేటను ఎవరూ కదిలించరు.

"ఎక్కడికెల్తాం పంతులుగోరూ" అని దానయ్య అడిగాడు.

"ఎక్కడికైనా. దేశంలో భూమి లేదా."

"బూమి ఉంది బాబూ. ఒడ్డు నేదు."

దానయ్య గొడ్డలి తీసుకుని వంతెన కొసకు పోయాడు. తలగుంజ ఒక్కటి తీసేస్తే గొడవ వదిలిపోతుందనుకున్నాడు. కానీ పెద్ద దూలాలన్నీ వచ్చి ఆ గుంజలోనే దిగి ఉన్నాయి. దాన్ని నరికితే దండలో దారం తెంచినట్టు వంతెన మొత్తం నీళ్ళలో పడుతుంది. ఉంచితే కొండలకు పోతుంది. తప్పు తన ముక్కుది. పోయేది నూట పాతిక ఇళ్ళు. గొడ్డలి కింద పెట్టాడు, మళ్ళీ ఎత్తాడు, మళ్ళీ పెట్టాడు.

"అలా ఊపకురా, గాలికి నాకు జలుబు సేస్తాది" అన్నది వెనుక నుంచి గుర్రమ్మ. "నువ్వు ఇంటికెల్లు. నానిక్కడ కాసేపు పడుకుంటాను."

పట్నమంతా నిద్రలేక తిరుగుతుంటే మధ్యాహ్నపు ఎండలో, ఎగిరే పలకల మీద, ఆమె ఒక్కతే పడుకున్నది. పిడుగు పడి పక్క గుడిసె కాలినప్పుడు కూడా ఇటు నుంచి అటు ఒత్తిగిల్లి పడుకున్న మనిషి. కన్ను మూయగానే కలలో ఒక ఆడమనిషి కనిపించింది. తల నిండా చిగుళ్ళు, పాదాలకు అంటుకుని ఆలిచిప్పలు. అటూ ఇటూ నడుస్తూనే ఉంది.

"కూకో తల్లీ" అన్నది గుర్రమ్మ.

"కూర్చోగలిగితే నీ దగ్గరికి ఎందుకు వస్తాను" అన్నది ఆ మనిషి. "కొండ మీద నూరేళ్ళు తల పైకి పెట్టి నిలబడ్డాను. గాలి వేస్తే అందరం కలిసి ఊగేవాళ్ళం. మీరు నరికారు, సరే అనుకున్నాను. తీరా తెచ్చి మళ్ళీ తల పైకే నిలబెట్టారు. చచ్చానో బతికానో తెలియడం లేదు. కింద నీళ్ళు ఒక్క క్షణం ఊరుకోవు. పక్కన ఉన్నవాళ్ళంతా నిద్రలో ఉన్నారు, పిలిస్తే పలకరు. నేను ఇంటికి పోతాను."

"ఎల్లు తల్లీ, ఎవరొద్దన్నారు. మరి మా పేట ఏటవుద్ది."

"మీ పేట సంగతి నాకెందుకు. నన్ను అడిగి పాతారా."

"అడగనేదు. మావోడు ముక్కుని నమ్మేడు."

అమ్మవారికి నవ్వు వచ్చింది. ఆ నవ్వుకు వంతెన ఊగి, రేవులో ఉన్న పడవలు ఒకదాని మీద ఒకటి ఎక్కి దిగాయి. నవ్వు ఆగాక గుర్రమ్మ ఏమీ అడగలేదు. ఒడ్డు మీద కనిపిస్తున్న గుడిసెల కప్పులను చూపించి, ఇది ఫలానావాడి ఇల్లు, ఇక్కడ నా కూతురు పుట్టింది, ఆ మూల నా మొగుడు పోయాడు అని నూట పాతిక ఇళ్ళ సంగతులూ చెప్పింది. ఒక్క కునుకులో అన్ని సంగతులు ఎలా పట్టాయని అడగవద్దు. గుర్రమ్మ మాట్లాడే వేగం తెలిసినవారికి ఆ అనుమానం రాదు.

అమ్మవారు అంతా విన్నది. "నాకు కాళ్ళు లాగుతున్నాయే" అన్నది చివరికి. "నా బదులు ఎవరైనా నడిస్తే ఆ నడక నా కాళ్ళకు పట్టి నేను నిలబడతాను. నా మీద మనుషుల అడుగు ఆడుతూ ఉండాలి. అడుగు ఆగితే నేను బయల్దేరతాను. మోకాళ్ళకు ఇంత సొరనూనె రాయండి, ఉప్పునీళ్ళకు మండుతున్నాయి."

గుర్రమ్మ లేచి, నడుం కూడా విరుచుకోకుండా, నడవడం మొదలుపెట్టింది. ఒడ్డు దాకా పోవడం, తిరిగి కొస దాకా రావడం. దానయ్య వచ్చి చూసి, "ఏటత్తా, సంతకెల్తన్నావా" అని అడిగాడు. ఆమె నడుస్తూనే సంగతి చెప్పింది. అతడు వింటూ పక్కన నడిచాడు. పదోసారి తిరిగి వచ్చేసరికి అతడి కాళ్ళ కింద పలకలు మెదలడం లేదు. ఊడిన మేకు ఒకటి చేతిలోకి తీసుకుని రంధ్రంలో పెడితే అది అక్కడే ఉంది. దానయ్య పేటకు పోయి అందరినీ తీసుకువచ్చాడు. సొరచేప కాలేయం కాచి తీసిన నూనెతో గుంజల మోకాళ్ళు, అంటే నీళ్ళు వచ్చి తగిలే చోట్లు, తడిపారు. వంతులు వేసుకుని నడిచారు. ఆ రోజు పట్నంలో పెరుగు తోడుకున్నది. ఎంత గట్టిగా తోడుకున్నదంటే కొన్ని ఇళ్ళలో కత్తిపీటతో కోసుకున్నారు.

ఈ ఏర్పాటు గుర్రమ్మ నోట విన్న పంతులుగారు నవ్వారే గానీ ఒప్పుకోలేదు. "రాజావారి ఓడకు మోకు పట్టే వేళ వంతెన మీద పురుగు కూడా ఉండకూడదు. అది మర్యాద. మీరు సంతలో పశువుల్లా అటూ ఇటూ తిరుగుతుంటే ఓడలోవారు ఏమనుకుంటారు" అన్నారు. దానయ్య కాళ్ళ మీద పడ్డాడు. పంతులుగారు కాళ్ళు వెనక్కి తీసుకున్నారు.

పున్నమినాడు రెండు జాముల పొద్దెక్కేసరికి ఓడ మొగలోకి వచ్చింది. ఏడు అంతస్తుల ఓడ. దాని తెరచాప దించితే మొగపట్నం మొత్తానికి దుప్పటి అయ్యేది. బంట్రోతులు కర్రలు పుచ్చుకుని తెడ్లపేట వారినందరినీ ఒడ్డుకు తరిమేశారు. పంతులుగారు ఒక్కరే కొసన, తలగుంజ పక్కన, కొత్త పాగాతో బిగుసుకుని నిలబడ్డారు. అడుగుల చప్పుడు ఆగిపోయింది.

కొంతసేపు ఏమీ కాలేదు. ఆ తరువాత వేళ్ళు విరుచుకున్న చప్పుడు వినిపించింది. ఒక పలక లేచింది. ఓడ మీద నుంచి విసిరిన మోకు తలగుంజకు అందబోయి, గుంజ పక్కకు జరగడంతో నీళ్ళలో పడింది. రెండోసారి విసిరారు, మళ్ళీ తప్పింది. వంతెన మూలుగుతూ కొండల వైపు ఒరగసాగింది. ఒడ్డున ఉన్న ఆడవాళ్ళు ఒక్కొక్కరే గుడిసెల్లోకి పోయి కుండలూ చాపలూ బయట పెట్టడం మొదలుపెట్టారు. దానయ్య మాత్రం చూపు తిప్పలేదు.

వంతెన కొసన ఒక చేపల గంప బోర్లించి ఉంది. బంట్రోతులు దాన్ని పట్టించుకోలేదు. ఆ గంప లేచింది, కింద గుర్రమ్మ ఉంది. ఆమె పంతులుగారి వెనుకకు వచ్చి, పాగా చెంగు పట్టుకుని, ఒడ్డు వైపు నడక సాగించింది.

"ముసలిదానా, నా పాగా" అన్నారు పంతులుగారు.

"మీదే బాబూ. నాను ఉంచుకుంతానా. రండి, ఇచ్చెస్తాను."

నెత్తిన గుడ్డ లేకుండా రాజావారి ఓడ ముందు నిలబడిన అమీను ఆ కాలంలో లేడు. పంతులుగారు బొంగరంలా తిరుగుతూ ఆమె వెంట నడిచారు. ఆమె ఒడ్డు చేరబోయి మలుపు తిరిగింది. ఆయనా తిరిగారు. ఆమె కొసకు, ఆయన కొసకు. అరవై మూరల పాగా విప్పుతూ పోతే ఆరువందల మూరలు వచ్చిందని చూసినవారు చెప్పారు. "ఆగవే" అని ఆయన, "మీరు ఆగకండి బాబూ" అని ఆమె. పద్నాలుగుసార్లు వంతెన కొలిచారు. రెండోసారికి పలకలు సర్దుకున్నాయి. అయిదోసారికి మూలుగు ఆగింది. తొమ్మిదోసారికి విసిరిన మోకు తలగుంజకు పడి బిగిసింది. ఓడలోని సరంగు ఇదేదో మొగపట్నం వారు చేసే స్వాగతం కాబోలనుకుని, తానూ ఓడ మీద అటూ ఇటూ నడిచి మర్యాద తీర్చుకున్నాడు.

చివరికి పంతులుగారు పాగా గుడ్డను గుండెకు హత్తుకుని, ఆయాసపడుతూ పలకల మీద చతికిలబడ్డారు. గుర్రమ్మ కూడా ఆగింది. వంతెన కదిలింది. ఆయన ఉలిక్కిపడి లేచి రెండడుగులు వేశారు. వంతెన నిలిచింది. ఆయన గుర్రమ్మను చూశారు. మళ్ళీ కూర్చున్నారు, కదిలింది. లేచి నడిచారు, నిలిచింది. మూడోసారి కూర్చోలేదు.

"నువ్వు చెప్పినప్పుడు నేను నవ్వాను" అన్నారు నడుస్తూనే.

"నవ్వండి బాబూ, ఆవిడా నవ్వింది. నడక మాత్రం ఆపకండి."

ఈలోగా బియ్యం బస్తాలు మోసేవారు ఓడ దిగడం మొదలుపెట్టారు. ఇక అడుగుకు లోటు లేదు. పంతులుగారు ఒడ్డుకు వచ్చి, వంతెన నిలబడిందని, తెడ్లపేట దాని సేవకు ఉన్నదని, అది నిలిచి ఉన్నంతకాలం ఆ నూట పాతిక గడపల జోలికి ఎవరూ రాకూడదని తన చేత్తో రాసి రాజముద్రకు పంపారు. కుండలూ చాపలూ మళ్ళీ లోపలికి వెళ్ళాయి. తల్లికి కుదురులేనమ్మ అన్న పేరు పెట్టింది కూడా పంతులుగారే.

గుర్రమ్మ ఆ తరువాత నూట నలభై ఏళ్ళు బతికింది. ఆమెకు సమాధి లేదు. ఆగితే గదా కట్టడానికి.

కాలం మారింది. పెద్ద ఓడలకు లోతు చాలక, పది మైళ్ళ అవతల కొత్త రేవు తవ్వారు. ఓడలు అటు పోయాయి, ఓడలతో బస్తాలు, బస్తాలతో మనుషులు. మొదటి ఆరు వంతెనల మీద అడుగు పెట్టే పని ఎవరికీ లేకపోయింది. వాటి గుంజలు సరిగ్గా తలకిందులుగానే పాతినవి, హాయిగా నిద్రపోతున్నవి. కానీ నిద్రపోయే మానుకు కూడా పైన ఎవరో ఉన్నారన్న అలికిడి ఉండాలి. నడిచేవారు ఉంటే ఊడిన మేకు కాలికి తగులుతుంది, పుచ్చిన పలక కంటపడుతుంది, ఎవరో ఒకరు తిట్టుకుంటూ బాగుచేస్తారు. నడిచేవారు లేక ఉప్పువంతెన ఒక వానకు, బియ్యపు వంతెన ఒక తుఫానుకు, తక్కినవి చప్పుడు లేకుండా పోయాయి. ఏడోదాని మీద భక్తులు ఉన్నారు. తెడ్లపేట వారి నూనె ఉంది. అందుచేత అది ఉంది.

పదకొండేళ్ళ కిందట నగర పెద్దలకు ఈ చివరి వంతెన మీద ప్రేమ కలిగింది. పురాతన కట్టడాన్ని కాపాడాలని సంకల్పించి, వంతెన మొదట్లో ఇనుప గేటు పెట్టి తాళం వేశారు. లోపలికి ప్రవేశం లేదని బోర్డు రాయించారు. పని చూడడానికి వచ్చిన ఇంజనీరు పద్మినిగారు చాలా బుద్ధిమంతురాలు, మంచి మనిషి. రోజుకు ఒక్కసారి దీపం పెట్టి రావడానికి తెడ్లపేట పూజారిణి నూకరత్నాన్ని మాత్రం లోపలికి వెళ్ళనిచ్చేవారు.

మూడో రోజుకు మేకులు ఊడడం మొదలైంది. వంతెన ఊగును కొలవడానికి పద్మినిగారు కొసన ఒక ముల్లు పెట్టె బిగించారు. ముల్లు గడియారంలో సెకన్ల ముల్లు కంటె జోరుగా కొట్టుకుంది. కట్టడం పనికిరాకుండా పోతున్నదని, ఇలాగే ఉంటే విప్పేయక తప్పదని ఆమె పైవారికి రాయవలసి వచ్చింది. ఆ మాట పేటకు చేరింది. వంతెన పోతే పంతులుగారి నాటి కాగితం పోతుంది. ఒడ్డున హోటల్ కట్టడానికి చూసుకుని వెళ్ళినవారు అప్పటికే ఇద్దరున్నారు.

నూకరత్నం గేటు దగ్గర పద్మినిగారిని పట్టుకుంది. "అమ్మా, తాళం తియ్యండి. మీరు కాపాడతన్నారు గానీ ఆవిడకి ఊపిరాడతం నేదు."

"పాత కర్ర నూకరత్నంగారూ. మనుషుల బరువు పడితే విరిగిపోతుంది."

"బరువు ఎవరడిగేరు. అడుగు కావాల. మీరే ఎల్లి సూడండి."

పద్మినిగారు లెక్క చూసుకోవడానికి ఎలాగూ లోపలికి వెళ్ళాలి, వెళ్ళారు. పెట్టె దగ్గరకు నడుస్తుంటే ముల్లు పడుకుని ఉంది. రాసుకోవడానికి ఆగారు, లేచింది. పెట్టె పాడైందనుకుని మరొకటి తెప్పించారు. ఆమె నడిస్తే రెండు ముళ్ళూ పడుకున్నాయి, ఆగితే రెండూ లేచాయి. ఆ మధ్యాహ్నమంతా ఒడ్డుకూ కొసకూ తిరిగారు. ఆగితే లెక్క మారిపోతుంది గనుక నివేదికను నడుస్తూనే రాశారు. ఆ కాగితాలు ఇప్పటికీ నగర కార్యాలయంలో ఉన్నాయట, అక్షరాలు ఒక్కటీ నిటారుగా ఉండదట. వాటి సారం ఒకటే వాక్యం. ఈ వంతెన మీద నడవనివ్వడమే దీన్ని కాపాడే పద్ధతి.

గేటు తీసేశారు. దాని ఇనుమును కరిగించి పక్క కమ్మీలు చేశారు, పిల్లలు పడిపోకుండా. లోపలికి ప్రవేశం లేదన్న బోర్డు పోయి, ఇచ్చట నిలబడరాదు, నడవవలెను అన్న బోర్డు వచ్చింది. ఒక్కసారికి అరవైమందిని పంపుతారు. పుచ్చిన గుంజలకు బదులు ఏటా తెడ్లపేట మేస్త్రీలు కొత్త మాను దించుతారు. లారీలో వచ్చినా సరే, ముందు ఏటిలో వేసి, ఏ పక్క మునిగిందో పదిమందీ చూసి, సున్నం బొట్టు పెట్టాకే ఎత్తుతారు. అది చూడడానికి ఊరంతా వస్తుంది, దానయ్య ముక్కును తలచుకుని ప్రతి ఏడూ నవ్వుకుంటుంది.

దర్శనానికి వచ్చేవారు సొరనూనె చిన్న సీసా తెచ్చుకోవాలి. దొరకనివారికి పేటలో ఇస్తారు. వాసనకు జడవకూడదు, మూడు స్నానాలకు పోతుంది, లేదా ఏడింటికి. వంతెన మీద కూర్చోకూడదు, కాలు మోపి ఆగకూడదు. హారతి కూడా కదులుతూనే కళ్ళకు అద్దుకోవాలి. నడవలేని వృద్ధులను కుర్చీబండిలో తోస్తారు, చక్రం తిరిగినా అమ్మవారు ఒప్పుకుంటుంది. కార్తీక పున్నమినాడు నగరంలోని పెద్ద అధికారి ఎవరైతే వారు అరవై మూరల పాగా చుట్టుకుని కొసన నిలబడతారు. తెడ్లపేటలోని అందరికంటె పెద్ద ముసలామె చెంగు పట్టుకుని లాగుతుంది. పద్నాలుగుసార్లు తిరిగేవరకు ఆయనకు విడుదల లేదు. ఆ ఏడాదిలో ఆయన మీద కోపం ఉన్నవారంతా చూడడానికి ముందువరుసలో ఉంటారు.

నిద్రపట్టనివారు, పరీక్షల భయం ఉన్నవారు, బదిలీ మీద బదిలీ అయి ఎక్కడా వేరూనలేనివారు, ఏ పనీ చేతికి అంటనివారు ఇక్కడ నడుస్తారు. తమ కుదురులేనితనాన్ని అడుగు అడుగునా అమ్మవారికి ఇచ్చి పోతారు. ఆవిడకు అది కావాలి, వారికి అక్కరలేదు. ఆ సాయంత్రం రైల్లో వారు ఎంత గాఢంగా నిద్రపోతారంటే, దిగవలసిన స్టేషను దాటిపోయి, మళ్ళీ వెనక్కి వచ్చి, దాన్ని కూడా మహిమ కింద చెప్పుకున్నవారు ఉన్నారు.

ఒడ్డుకు చేరాక తెడ్లపేట ఇళ్ళ ముందు అరుగులు ఉన్నాయి. అక్కడ ఎంతసేపైనా కూర్చోవచ్చు. మంచినీళ్ళు ఇస్తారు, ఊరు పేరు అడుగుతారు, మీరు ఎవరి పిల్లలో తెలుసుకోకుండా వదలరు. తొందరపడి లేవవద్దు. మీరు అక్కడ కాళ్ళు చాపుకుని కూర్చున్నంతసేపూ ఆ ఇంటివారిలో ఒకరు వంతెన మీద నడుస్తూ ఉంటారు.